పిల్లల ‘శ్రద్ధ జన్యు పరీక్ష’: ఉమ్మి అడిగారు, ఊసు అడగలేదు

పిల్లల లాలాజలాన్ని ఒక గొట్టంలో పట్టి పంపితే, వాళ్ల ఏకాగ్రత, నిలకడ, చంచలత్వం జన్యువుల్లో ఎలా రాసి ఉన్నాయో చెబుతామనే కిట్లు ఇప్పుడు హైదరాబాద్ దాటి నల్లగొండ దాకా వచ్చాయి. అలాంటి కిట్లు రెండు కొని, రెండు నివేదికలు అందుకుని, వాటిని పట్టుకుని వైద్యుల దగ్గరికి కూడా వెళ్లి వచ్చినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ తరహా నివేదికను ఏ కంపెనీ అమ్మినా, కొనబోయే తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు ఉన్నాయి, అవే ఇక్కడ చెబుతాను.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. ఏబీఓ రక్తవర్గాలు, వర్ణాంధత్వం, హీమోఫిలియా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా సంక్రమిస్తాయో ఏటా బోర్డు మీద గళ్లు గీసి చూపిస్తాను. అంత తెలిసినవాడు ఒక్కో కిట్‌కు 9,900 రూపాయల చొప్పున, ఇద్దరు పిల్లలకు కలిపి తీసుకుంటే రాయితీ అన్నారని 17,000 రూపాయలు ఎందుకు కట్టాడని అడిగితే, ఆ రోజు నేను అధ్యాపకుడిగా కాదు, నాలుగో తరగతి పిల్లవాడి తండ్రిగా ఆ కుర్చీలో కూర్చున్నానని మాత్రమే చెప్పగలను. మా బాబు మందబుద్ధి కాదు. కథ చెబితే కళ్లు ఆర్పకుండా వింటాడు, రెండు నెలల కిందట విన్నదాన్ని పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. కానీ లెక్క సగం చేసి వదిలేస్తాడు, నెలకు మూడు నీళ్ల సీసాలు బడిలో పోగొట్టుకుంటాడు, డైరీలో హోంవర్క్ రాసుకోవడం వాడికి కొండ ఎక్కినంత పని. రెండేళ్లుగా టీచర్లు డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపే మాట ఒక్కటే: ధ్యాస లేదు. అలాంటి సమయంలో వాడి బడిలోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టి, తెర మీద మెదడు బొమ్మ చూపించి, మీ పిల్లవాడి ధ్యాస వాడి జన్యువుల్లో ఉందని ఒక యువకుడు చక్కటి తెలుగులో చెప్పాడు. నేను కార్డు తీశాను.

వస్తువు వరకు చూస్తే వంక పెట్టడానికి పెద్దగా లేదు. కిట్ నాలుగు రోజుల్లో రామగిరిలోని మా ఇంటికి వచ్చింది. గొట్టం, గరాటు, నమూనా చెడకుండా ఉంచే ద్రవం, బార్‌కోడు, తిరిగి పంపే సంచి అన్నీ శుభ్రంగా అమర్చి ఉన్నాయి. పరీక్షకు ముందు అరగంట పాటు పిల్లవాడు ఏమీ తినకూడదు, తాగకూడదు. తర్వాత కూర్చుని గీత దాకా లాలాజలం నింపాలి. అరగంట కుదురుగా ఉండలేని పిల్లవాడి కోసం కొన్న కిట్‌కు ఈ నియమం ఉండడంలోని చమత్కారం తయారుచేసినవాళ్లకు తట్టినట్టు లేదు. మా బాబు రెండుసార్లు గొట్టం ఒలకబోశాడు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి అయిదు నిమిషాల్లో నింపి ఇచ్చి తన పుస్తకం తీసుకుంది. నివేదికలు ఇరవై ఆరో రోజున మెయిల్‌లో వచ్చాయి, ఒక్కొక్కటి 38 పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. సమావేశంలో తెలుగులో అమ్మినవారికి తెలుగులో నివేదిక ఇచ్చే ఏర్పాటు లేకపోవడం చిన్న లోపం కాదు, ఎందుకంటే మా ఆవిడకు అందులో అర్థమైనవి రంగులు మాత్రమే.

ఆ రంగులే ఆ నివేదికకు ప్రాణం. ప్రతి పేజీలోనూ స్కూటర్ స్పీడోమీటర్ లాంటి బొమ్మ ఒకటి, దాని మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు భాగాలు, మధ్యలో ముల్లు. ‘శ్రద్ధ లోపం, అతి చురుకుదనం’ అనే పేజీలో, అంటే ఏడీహెచ్‌డీ పేజీలో, మా బాబు ముల్లు పసుపులో, దాదాపు ఆకుపచ్చ అంచున ఆగింది. మా అమ్మాయి ముల్లు ఎరుపులోకి వెళ్లింది. ఒక పని మొదలుపెడితే అన్నానికి పిలిచినా లేవని పిల్లకు ప్రమాదం అధికమట, చెప్పు జతలో ఒకటి ఎక్కడ విడిచాడో చెప్పలేని పిల్లవాడికి మధ్యస్థమట. ఒక్క సరిపోలని ఫలితంతో ఏ పరీక్షనూ కొట్టిపారేయకూడదని నాకు తెలుసు. అందుకే రంగులు పక్కన పెట్టి, ఆ ముల్లును కదిలించింది ఏమిటో చూడడానికి నివేదిక చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఉన్న జన్యువుల పట్టిక తీశాను.

పట్టికలో పది జన్యువులు ఉన్నాయి. వాటిలో ముందు వరుసలో ఉన్నవి డోపమైన్‌కు, అంటే మెదడులో నాడీకణాల మధ్య సందేశాలు మోసే రసాయనానికి, సంబంధించినవి. వీటికి ఒక చరిత్ర ఉంది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు, నాడీకణం విడుదల చేసిన డోపమైన్‌ను తిరిగి లోపలికి లాక్కునే రవాణా ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. కనుక ఆ ప్రోటీన్ జన్యువులోనే తేడా ఉండవచ్చని శాస్త్రవేత్తలు ఊహించారు, అది సహేతుకమైన ఊహే. 1995లో ఆ రవాణా ప్రోటీన్ జన్యువునూ, 1996లో డీఆర్‌డీ4 అనే డోపమైన్ గ్రాహక జన్యువులో 48 అక్షరాల ముక్క ఏడుసార్లు పునరావృతమయ్యే రూపాన్నీ ఏడీహెచ్‌డీతో ముడిపెడుతూ పరిశోధన పత్రాలు వచ్చాయి. అవి చిన్న బృందాల మీద జరిగిన పరిశీలనలు. తర్వాతి వాటిలో కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. ముందే అనుమానితుల పేర్లు రాసుకుని వాళ్లనే పిలిచి విచారించే పద్ధతి అది. ఊరందరినీ విచారించే పద్ధతి తర్వాత వచ్చింది.

ఆ పద్ధతిలో ముందుగా ఏ జన్యువునూ అనుమానించరు. జన్యుపటం అంతటా లక్షల చోట్ల అక్షర భేదాలను చదివి, సమస్య ఉన్నవారిలో ఏవి తరచుగా ఉన్నాయో లెక్కిస్తారు. 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్నవారు 20,183 మంది, లేనివారు 35,191 మంది. జన్యుపటంలో మొదటిసారిగా 12 స్థానాలు గట్టి ఆధారంతో బయటపడ్డాయి. 2023లో ఉన్నవారి సంఖ్య 38,691కి, పోల్చి చూసినవారి సంఖ్య 1,86,843కి పెరిగింది, స్థానాలు 27 అయ్యాయి. ఈ సమాచారంలో పెద్ద భాగం డెన్మార్క్‌లో పుట్టిన శిశువుల మడమ నుంచి తీసి దశాబ్దాలుగా భద్రపరిచిన ఎండిన రక్తపు చుక్కల నుంచి వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, మా నివేదికలో ముందు వరుసలో కూర్చున్న ఆ పాత డోపమైన్ జన్యువులు 2019 నాటి 12 స్థానాల్లో లేవు. డీఆర్‌డీ4లోని పునరావృత ముక్కను ఈ పద్ధతి సరిగ్గా పట్టుకోలేదన్న మాట నిజమే, కాబట్టి ఆ జన్యువుకు పూర్తిగా సెలవు ఇవ్వలేం. కానీ పాతికేళ్ల నాటి అనుమానితుల జాబితాను తీర్పు కాగితంగా అచ్చువేసి అమ్మడం వేరు. 2023 అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది: ఏడీహెచ్‌డీలో సాధారణ జన్యుభేదాల వల్ల వచ్చే వారసత్వంలో 90 శాతాన్ని వివరించాలంటే దాదాపు 7,300 భేదాలు కావాలి. అందులో ఒక్కొక్కదాని బలం చీమ మోసే గింజంత. మా నివేదిక పది గింజలను చూసి గాదె లెక్క చెప్పింది.

ఇక నివేదిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చువేసిన 74 శాతం సంగతి. ఏడీహెచ్‌డీలో 74 శాతం జన్యువుల వల్లనే వస్తుందని, అందుకే పరీక్ష తప్పనిసరి అని అక్కడ రాశారు. ఆ సంఖ్య కల్పితం కాదు. కవల పిల్లల మీద జరిగిన 37 అధ్యయనాల సగటు అది, మానసిక వైద్యంలో అంత ఎక్కువ వారసత్వ శాతం ఉన్న సమస్యలు కొన్నే. అయితే ఆ 74 శాతం అనేది ఏ ఒక్క పిల్లవాడి గురించీ చెప్పే మాట కాదు. మన జిల్లా బత్తాయి తోటలతో చెబితే సులభంగా అర్థమవుతుంది. ఒకే తల్లిచెట్టు నుంచి కళ్లు తెచ్చి అంటుకట్టిన తోటలో చెట్లన్నిటి పైభాగానికీ జన్యువులు ఒక్కటే. అక్కడ ఒక చెట్టుకు వంద కాయలు, పక్క చెట్టుకు నాలుగు వందల కాయలు కాస్తే ఆ తేడా నేలది, నీటిది, చీడది. ఆ తోటలో కాపుకు వారసత్వ శాతం దాదాపు సున్నా. అదే జన్యువులు వేర్వేరుగా ఉన్న రకరకాల చెట్లు పెంచి, అన్నిటికీ ఒకే నేల, ఒకే నీరు ఇస్తే, తేడాలో ఎక్కువ భాగం జన్యువులదే అవుతుంది. చెట్లు అవే జాతి, కాయలు అవే కాయలు, శాతం మాత్రం మారిపోయింది. కాబట్టి అది ఒక గుంపులో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాను పంచే లెక్క. మా బాబు పరధ్యానంలో 74 పైసలు జన్యువులవి, 26 పైసలు బడివి అని దాని అర్థం కాదు. పైగా కవలల లెక్కలో 74 శాతం కనిపించినా, 2023 అధ్యయనం చదివిన సాధారణ అక్షర భేదాలన్నీ కలిపితే వివరించగలిగింది 14 శాతమే. 2019 అధ్యయనంలో ఆ భేదాలన్నిటినీ కూడి వేసిన స్కోరు, ఏడీహెచ్‌డీ ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడాలో వివరించగలిగింది 5.5 శాతం. పరిశోధకుడికి ఇది విలువైన సంఖ్యే, ఎందుకంటే వేలమందిని పోల్చేటప్పుడు అది పనికొస్తుంది. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లల్లో ఎవరిని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలో తేల్చడానికి పనికిరాదు.

ఆ 5.5 శాతమైనా ప్రధానంగా యూరప్ మూలాలున్నవారిలో లెక్కించినది. ఒక జనాభాలో తయారుచేసిన స్కోరును వేరే జనాభాకు వర్తింపజేస్తే దాని కచ్చితత్వం తగ్గుతుందని జన్యుశాస్త్రంలో పదేపదే తేలిన విషయం. మన జనాభా సంగతి మరింత ప్రత్యేకం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో, తరతరాలుగా తమ సమూహంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, కొద్దిమంది పూర్వీకుల జన్యువులే అందరిలోనూ తిరుగుతున్నట్టు తేలింది. తెలుగు ప్రాంతపు వైశ్య సమాజంలో శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించే ఒక ఇంజెక్షన్‌ను శరీరం విరగ్గొట్టలేకపోయే లోపం ఎక్కువగా ఉండడానికి కారణం ఇదేనని అందులో ఉదాహరణగా చూపారు. అది ఒకే జన్యువు లోపం, ముందే తెలిస్తే మత్తు డాక్టరు మందు మారుస్తాడు. జన్యు పరీక్ష అంటే అలా ఉపయోగపడాలి. మా కిట్ దరఖాస్తులోనైతే మాది మేనరికమా కాదా అన్న ప్రశ్న కూడా లేదు. అసలు పిల్లల పేరు, వయసు, ఫోన్ నంబరు తప్ప ఏ ప్రశ్నా లేదు.

న్యాయంగా చెప్పాలంటే నివేదికలో ఒక పేజీకి విలువ ఉంది. ఏడీహెచ్‌డీకి వాడే అటోమోక్సెటిన్ అనే మరో మందును కాలేయంలో విరగ్గొట్టే సీవైపీ2డీ6 ఎంజైమ్ ఎలా పనిచేస్తుందో ఆ పేజీ చెప్పింది. ఈ ఎంజైమ్ బాగా మందకొడిగా ఉన్నవారిలో అదే మోతాదుకు ఆ మందు శరీరంలో దాదాపు పది రెట్లు పేరుకుంటుందని మందు పత్రంలోనే ఉంటుంది, కనుక ఆ సమాచారం వైద్యుడికి అక్కరకు రావచ్చు. ఆ పక్క పేజీలోనే, మిథైల్‌ఫెనిడేట్ ఏ పిల్లవాడికి పడుతుందో, ఎవరికి పడదో కూడా అంతే ధీమాగా రాశారు. దానికి అంత ఆధారం లేదు.

నివేదిక వచ్చిన రెండో రోజున సలహాదారు ఫోన్ చేశారు. ఇది కూడా రుసుములో భాగమే. ఇరవై నిమిషాల్లో పన్నెండు నిమిషాలు ఒమేగా-3 గోళీల గురించి, ఆరు నెలల ‘ఏకాగ్రత శిక్షణ’ గురించి చెప్పారు. ఒమేగా-3 మీద ప్రయోగాలు జరిగిన మాట నిజం, లాభం కనిపించిన చోట కూడా అది చాలా స్వల్పం. పాప ముల్లు ఎరుపులో ఉందని, పాపకే ముందుగా ఇవి మొదలుపెట్టడం మంచిదని సలహాదారు సూచించారు. పాపకు బడిలో గానీ ఇంట్లో గానీ ఏ ఇబ్బందీ లేదని మా ఆవిడ చెబితే, ఇప్పుడు లేకపోవచ్చు అన్నారు. ఆ ఒక్క మాట ఖరీదు మాకు 17,000 రూపాయల కన్నా ఎక్కువే పడింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉండడం వల్ల మా అమ్మ విన్నది. “పిల్ల రక్తంల ఏదో ఉన్నదంట గద బిడ్డా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎట్ల?” అని ఆ రాత్రి నన్ను పక్కకు పిలిచి అడిగింది. వంటింట్లో పాప పాల గిన్నె పొంగించినా అది జన్యువుల లెక్కలోకే పోయింది. పన్నెండేళ్ల పిల్ల తన పేరు మీద ఉన్న ఎర్ర ముల్లును రెండుసార్లు తెరిచి చూసిందని ట్యాబ్‌లో గమనించాను. ఆ పేజీ కింద ‘ఇది రోగనిర్ధారణ కాదు’ అని ఒక వాక్యం ఉంది, దాన్ని చదవాలంటే మా అమ్మకు ఇంగ్లీషు రావాలి, భూతద్దం కూడా కావాలి.

తర్వాతి వారం ఓపీ చీటీ తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యురాలిని కలిశాం. రెండు నివేదికలు బల్ల మీద పెడితే ఆమె మొదటి పేజీ చూసి పక్కన పెట్టి, “బాబు ఎన్ని వారాలకు పుట్టాడు సార్?” అని అడిగారు. మా బాబు 33 వారాలకే, 1,700 గ్రాముల బరువుతో పుట్టాడు, పన్నెండు రోజులు గాజు పెట్టెలో ఉన్నాడు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఎక్కువగా కనిపిస్తుందన్నది ఎన్నో దేశాల్లో నిలకడగా తేలిన విషయం. 38 పేజీల నివేదికలో ఈ ముక్క ఎక్కడా లేదు, ఎందుకంటే వాళ్లు అడగలేదు. ఆ తర్వాత ఆమె గురక గురించి, నిద్ర గురించి, చెవి గురించి, కళ్లజోడు గురించి, రక్తహీనత గురించి, థైరాయిడ్ గురించి అడిగారు. రాత్రంతా గురకపెట్టి సరిగ్గా నిద్రపోని పిల్లవాడూ, బోర్డు కనిపించని పిల్లవాడూ కూడా బడిలో ధ్యాస లేనివారిలాగే కనిపిస్తారట. చదవడంలో మాత్రమే వచ్చే ప్రత్యేక ఇబ్బందిని వేరుగా పరీక్షించారు.

ఆమె అనుసరించిన పద్ధతి గోప్యమైనదేమీ కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన, మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం-5 గ్రంథం ప్రకారం ధ్యాస లోపానికి తొమ్మిది లక్షణాలు, అతి చురుకుదనానికీ తొందరపాటుకూ కలిపి తొమ్మిది లక్షణాలు ఉంటాయి. పిల్లల్లో ఈ రెండు జాబితాల్లో ఏదో ఒకదానిలోనైనా కనీసం ఆరు లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి. కొన్ని లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వాటి వల్ల పిల్లవాడి చదువుకో, స్నేహాలకో నిజంగా దెబ్బ తగలాలి. రక్తపరీక్ష, స్కాన్, లాలాజలం ఇందులో ఎక్కడా లేవు. మెదడు మీద పరిశోధన లేక కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు పైపొర తన గరిష్ఠ మందానికి చేరుకోవడం సగటున మూడేళ్లు ఆలస్యమవుతుందని, తోటి పిల్లల్లో ఏడున్నరేళ్లకు జరిగేది వీరిలో పదిన్నరేళ్లకు జరుగుతుందని 2007లోనే అమెరికాలో చూపించారు. అది కూడా గుంపు సగటే, ఒక్క పిల్లవాడి స్కాన్ చూసి చెప్పగలిగేది కాదని ఆమె వివరించారు. మాకు ఒక ప్రశ్నల పత్రం, క్లాస్ టీచరుకు ఒకటి ఇచ్చారు. టీచరు దాన్ని నింపడానికి తొమ్మిది రోజులు తీసుకున్నారు గానీ, నింపినది మాత్రం ఎంతో శ్రద్ధగా నింపారు.

రెండో విడతలో ఆమె నన్ను అడిగిన ప్రశ్నను నేను ఊహించలేదు. “మీరు చిన్నప్పుడు ఎట్లా ఉండేవారు సార్?” అన్నారు. నేను తటపటాయిస్తుంటే పక్కనున్న మా అమ్మే చెప్పింది: ఏడో తరగతి దాకా పలక, బలపం, చెప్పులు, ఒకసారి మేకపిల్లను కూడా ఎక్కడో వదిలి వచ్చినవాణ్ణి నేను. పరీక్ష రాయడానికి నకిరేకల్ వెళ్లవలసినవాణ్ణి వేరే బస్సెక్కి నార్కట్‌పల్లిలో దిగినవాణ్ణి. ఇప్పటికీ మూల్యాంకనం గడువు చివరి రాత్రికి తప్ప నా ముందుకు రాదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొన్ని రెట్లు పెరుగుతుంది. 38 పేజీల నివేదిక చూపలేని వారసత్వం మా ఇంట్లో ఎక్కడ కూర్చుందో పైసా ఖర్చు లేకుండా ఆ ఒక్క ప్రశ్నతో కనిపించింది. పాప సంగతి కూడా అడిగాను. ఆమె పాపతో పావుగంట మాట్లాడి, బడి సంగతులు, స్నేహితుల సంగతులు అడిగి, ఈ పిల్లకు నిర్ధారణ చేయడానికి ఏమీ లేదన్నారు. అయితే ఆడపిల్లల్లో గోల లేకుండా పరధ్యానం మాత్రమే ఉంటే చాలాసార్లు ఎవరూ గుర్తించరని, ఇబ్బంది కనిపిస్తే ఎప్పుడైనా తీసుకురావచ్చని కూడా చెప్పారు. సలహాదారు ఫోన్‌లో అన్న మాటకూ ఈ మాటకూ తేడా మా అమ్మకు కూడా అర్థమైంది.

మా అమ్మకు ఇంకో అనుమానం ఉండింది, అది మన జిల్లాలో ఎవరికైనా వచ్చేదే. ఆమె పుట్టిల్లు, ఒకప్పుడు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న మర్రిగూడ వైపు. ఎముకలు వంగినవాళ్లను, పళ్లు పచ్చబడినవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి కనుక, పిల్లవాడి పరధ్యానానికి కూడా నీళ్లే కారణమని ఆమె నమ్మకం. నేను నవ్వేసేవాణ్ణే గానీ, అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2024లో, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీటికీ పిల్లల్లో తక్కువ తెలివితేటల స్కోరుకూ సంబంధం ఉందని మధ్యస్థ నమ్మకంతో తేల్చింది. ఏడీహెచ్‌డీ విషయంలో మెక్సికో, కెనడా పరిశీలనలు ఆ వైపు వేలు చూపినా అవి తీర్పు కాదు. మా బాబు పుట్టి పెరిగింది పట్టణంలో కనుక వైద్యురాలు దాన్ని రాసుకుని పక్కన పెట్టారు. కనీసం రాసుకున్నారు.

మూడో విడతలో బాబుకు ధ్యాస లోపం ప్రధానంగా ఉన్న ఏడీహెచ్‌డీ అని నిర్ధారించారు. ముందుగా ఇంట్లోనూ బడిలోనూ పద్ధతులు మార్చాం: ఒక్కసారికి ఒక్క పని చెప్పడం, పావుగంటకోసారి లేవనివ్వడం, ముందు బల్లలో కూర్చోబెట్టడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం. మూడు నెలలు చూసి, సరిపోలేదనిపించాక తక్కువ మోతాదులో మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టారు. మందు పేరు వినగానే భయపడే తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను: 133 ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ పిల్లల్లో స్వల్పకాలానికి మొదట ఎంచుకోదగ్గది ఇదేనని తేల్చింది. 579 మంది పిల్లలతో జరిగి 1999లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలోనూ, జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు, ప్రధాన లక్షణాల విషయంలో, ప్రవర్తన శిక్షణ ఒక్కదాని కన్నా బాగా పనిచేసింది. అయితే మూడేళ్ల తర్వాత ఆ బృందాల మధ్య తేడా మిగలలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది కనుక, మందు ఇచ్చి మరచిపోయే వ్యవహారం కాదిది. ఆకలి, నిద్ర, బరువు, ఎత్తు, రక్తపోటు ప్రతిసారీ చూస్తున్నారు. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు కావడంతో చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ప్రత్యేక లైసెన్సు ఉన్న దుకాణమే అమ్మాలి. నాకు నల్లగొండలో దొరకక నెలకోసారి హైదరాబాద్ బస్సు ఎక్కవలసి వస్తోంది. ఈ అవస్థ మీద వేరుగా ఒక సమీక్ష రాయవచ్చు.

జన్యు పరీక్ష ఎప్పటికీ వద్దని నేను చెప్పడం లేదు. ధ్యాస లోపంతో పాటు ఎదుగుదల బాగా ఆలస్యమైనా, ముఖ కవళికల్లో తేడా ఉన్నా, మూర్ఛ వస్తున్నా, ఫ్రాజైల్ ఎక్స్ (ఎక్స్ క్రోమోజోములోని ఒక జన్యువు లోపం) వంటి స్థితినో, 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించిందనో వైద్యులు అనుమానించి పరీక్షకు రాస్తారు. అలాంటివాటికి హైదరాబాద్‌లో నిమ్స్ జన్యువైద్య విభాగం, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన, నిర్ధారణ కేంద్రం ఉన్నాయి. అక్కడ ప్రశ్న ముందు ఉంటుంది, పరీక్ష తర్వాత వస్తుంది. ఇక ధ్యాస సమస్య అనుమానం మాత్రమే ఉన్నవారు మొదట వెళ్లదగిన చోటు జిల్లా ఆసుపత్రి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో వెతకవలసిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే 14416 నంబరులో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు.

కిట్‌కు అయిదు నక్షత్రాలకు ఒకటిన్నర ఇస్తున్నాను. ఒకటి గొట్టం, కొరియర్, సకాలంలో వచ్చిన మెయిల్‌కు, అర ఆ సీవైపీ2డీ6 పేజీకి. అమ్మిన పద్ధతికీ, పిల్ల పేరు మీద ఎర్ర ముల్లు గీసినందుకూ తీసివేయడానికి ఇంకా నక్షత్రాలు మిగలలేదు. డబ్బు తిరిగి అడగలేదు, ఎందుకంటే సంతకం చేసిన కాగితంలో నివేదిక వచ్చాక వాపసు లేదని ఉంది, అది చదవకపోవడం నా తప్పు. ఆ కాగితంలోనే పిల్లల జన్యు సమాచారాన్ని ‘పరిశోధన భాగస్వాముల’కు ఇవ్వవచ్చన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. ఇద్దరి నమూనాలూ నాశనం చేయాలని, సమాచారం తుడిచివేయాలని రెండు నెలల కిందట రాశాను. నమూనాలు పారవేశామని పదకొండో రోజున జవాబు వచ్చింది. సమాచారం సంగతి మూడుసార్లు గుర్తుచేశాను, ఇది రాసే నాటికి జవాబు లేదు.